కణతకు తగిలిన బంతి

చిన్నోడా, బుజ్జితల్లీ,

పోయిన శనివారం సెల్లార్‌లో ఆడుతుంటే కార్క్ బంతి వచ్చి చిన్నోడి కణతకు తగిలింది కదా. కాసేపు తల పట్టుకుని కూర్చుండిపోయాడు. మళ్ళీ లేచి "ఏం కాలేదు నానమ్మా" అంటూ బ్యాట్ అందుకున్నాడు. నేను ఆట ఆపించి డాక్టర్ దగ్గరికి తీసుకెళ్ళాను. రాత్రంతా కనిపెట్టుకుని ఉండమని ఆయన చెబితే, రెండు గంటలకోసారి లేపి పేరు అడిగాను, టార్చి వేసి కళ్ళు చూశాను. "నా దిమాగ్ ఖరాబ్ చేస్తున్నావు నానమ్మా" అని వాడికి కోపం వచ్చింది. ఎందుకలా చేశానో ఇద్దరికీ చెప్పాలనే ఈ ఉత్తరం.

మీ కణత మీద రెండు వేళ్ళు పెట్టి పళ్ళు గట్టిగా కొరకండి. వేళ్ళ కింద కండ ఉబ్బుతుంది, అది దవడను లాగే కండ. దాని వెనకాలే నాలుగు ఎముకలు ఒకచోట కలుస్తాయి. నుదుటిది ఒకటి, నడినెత్తికి పక్కనున్నది ఒకటి, చెవి పైనున్నది ఒకటి. నాలుగోది రెక్కలు విప్పిన సీతాకోకచిలుకలా కళ్ళ వెనక నుంచి వచ్చే స్ఫినాయిడ్. ఆ కూడలి పేరు టెరియాన్. పుర్రెలో బాగా పలచగా ఉండేచోట్లలో అది ఒకటి. సుశ్రుతుడు చెప్పిన 107 మర్మాల్లో కణత దగ్గరి శంఖమర్మం వెంటనే ప్రాణం తీసేవాటిలో ఉంది. మన పెద్దవాళ్ళు ఆయువుపట్టు అన్నది ఇలాంటిచోటునే.

కోఠీలో మెడిసిన్ చదివే రోజుల్లో ఒక మధ్యాహ్నం పుర్రెను కిటికీ దగ్గర వెలుతురుకు ఎత్తి పట్టుకున్నాను. నడినెత్తి చీకటిగానే ఉంది. చెవి పైన మాత్రం ఎముకలోంచి నారింజ రంగు వెలుగు కనిపించింది. తిప్పి లోపలివైపు చూస్తే, సరిగ్గా ఆ పలచటి చోటు నుంచి రావి ఆకు ఈనెల్లా కొమ్మలు కొమ్మలుగా గాడి పడి ఉంది. అది ఒక రక్తనాళం పడుకున్న జాడ. జీవితమంతా ఎముకను ఆనుకుని కొట్టుకుంటూ తన ఆకారాన్ని దాని మీద అచ్చు వేసి పోయింది. దాని పేరు మిడిల్ మెనింజియల్ ధమని. ఇది పోషించేది మెదడును కాదు, పైనున్న ఎముకనూ దాని లోపలి పొరనూ.

మెదడును కప్పే పొరలు మూడు. అన్నిటికంటే పైది డ్యూరా మేటర్, తడిపిన తోలులా మందంగా ఉండి ఎముకకు అంటుకుని ఉంటుంది. దాని కింద సాలెగూడులాంటి అరక్నాయిడ్. అన్నిటికంటే లోపలిది పయా మేటర్. దాన్ని మీరు చూసే ఉంటారు. భేజా ఫ్రై చేసే ముందు నేను ఎర్రటి సన్నదారాలున్న పలచటి పొరను గోటితో తీసేస్తాను కదా, మేకలో అదే పయా. మెదడు మడతలన్నిట్లోకీ దిగి ఒంటికి పట్టిన తడిబట్టలా అతుక్కుని ఉంటుంది.

మేటర్ అంటే లాటిన్‌లో తల్లి. ఇక్కడ నాకు చాలా ఇష్టమైన సంగతి ఒకటుంది. అరబ్బీ వైద్యులు ఈ పొరలను 'ఉమ్మ్ అల్ దిమాగ్', అంటే మెదడుకు తల్లి అన్నారు. 12వ శతాబ్దంలో వాళ్ళ గ్రంథాలను లాటిన్‌లోకి మార్చినవాళ్ళు తల్లిని తల్లిగానే ఉంచారు. చిన్నోడు నా మీద విసుక్కున్న ఆ 'దిమాగ్', ఇదీ ఒకటే మాట.

కింది రెండు పొరల మధ్య నీళ్ళలా తేటగా ఉండే ద్రవం ఉంటుంది. మెదడుకూ వెన్నుపాముకూ కలిపి సుమారు 150 మిల్లీలీటర్లు, ఒక టీ గ్లాసుడు. రోజంతా ఊరుతూ, ఇంకుతూ ఉంటుంది. బయట 1400 గ్రాములు తూగే మెదడు అందులో తేలుతూ 50 గ్రాముల దానిలా ఉంటుంది.

ఇక మెదడు రక్తం సంగతి. ఒంటి బరువులో నూటికి రెండు పాళ్ళే ఉన్నా, గుండె పంపే రక్తంలో 15 పాళ్ళు దానికే పోతుంది. మెడ ముందు నుంచి రెండు కెరోటిడ్ ధమనులు, వెనక మెడ ఎముకల రంధ్రాల్లోంచి రెండు వెర్టిబ్రల్ ధమనులు పైకెక్కి, మెదడు అడుగున ఒక వలయంగా కలుస్తాయి. 1664లో థామస్ విల్లిస్ దాన్ని వివరించాడు, అందుకే విల్లిస్ వలయం అంటారు. ఒకవైపు దారి మూసుకుపోతే మన రింగు రోడ్డులా ఇంకోవైపు నుంచి రక్తం రావచ్చు. అయితే ఈ వలయం అందరిలోనూ పూర్తిగా ఉండదు. సెలూన్‌లో కటింగ్ అయ్యాక మెడ పట్టుకుని టక్కున విరుస్తారే, అది చిన్నోడు ఇంకెప్పుడూ చేయించుకోకూడదు. ఆ వెనక ధమనుల లోపలి గోడ అలాంటప్పుడే చీలవచ్చు. అది పక్షవాతానికి దారి తీయవచ్చు.

ఇప్పుడు మళ్ళీ కణత దగ్గరికి వద్దాం. దెబ్బకు అక్కడి ఎముక చిట్లితే గాడిలోని ధమని తెగవచ్చు. అప్పుడు రక్తం ఎముకకూ డ్యూరాకూ మధ్య చేరి, పొరను ఊడదీసుకుంటూ పెరుగుతుంది. పుర్రె సాగదు కాబట్టి నలిగేది మెదడే. దెబ్బ తగిలినప్పుడు స్పృహ తప్పినా, కాసేపటికి మనిషి లేచి మామూలుగా మాట్లాడవచ్చు, అన్నం తినవచ్చు. రక్తం నిండేదాకా కొన్ని గంటలు అలాగే గడుస్తాయి. ఆ మంచి గడియలను చూసే ఎంతోమంది మోసపోతారు.

మేమూ మోసపోయాం. నాకు పన్నెండేళ్ళప్పుడు మా మేనమామ కొడుకు సైకిల్ మీంచి పడ్డాడు. తల మీద చర్మం చిట్లి చొక్కా తడిసేంత రక్తం కారింది. నెత్తి చర్మంలో నాళాలు తెగితే తొందరగా ముడుచుకోవు, అందుకే చిన్న గాయానికీ అంత కారుతుంది. దగ్గర్లోని దవాఖానాలో నాలుగు కుట్లు వేసి, రక్తం ఆగింది, ఇంక భయం లేదని పంపించేశారు. వాడు నవ్వుతూ ఇంటికొచ్చి నా పళ్ళెంలోని జామకాయ ముక్క లాక్కుని తిన్నాడు. తలనొప్పిగా ఉందని తొందరగా పడుకున్నాడు. రెండుసార్లు వాంతి చేసుకుంటే ఎండదెబ్బ అనుకున్నాం. తెల్లారి అత్తయ్య లేపితే లేవలేదు. అప్పట్లో సీటీ స్కాన్ లేదు. కానీ రాత్రి వాంతి అయినప్పుడే ఎవరైనా తెలిసినవాళ్ళు చూసి ఉంటే, ఎముకకు చిన్న రంధ్రం చేసి ఆ రక్తం తీసి ఉండేవాళ్ళని కోఠీలో ఆ గాడిని చూసిన మధ్యాహ్నం నాకు అర్థమైంది.

ఎవరికైనా తలకు దెబ్బ తగిలాక తలనొప్పి పెరుగుతున్నా, పదేపదే వాంతులైనా, మగతగా ఉండి లేపితే సరిగ్గా లేవకపోయినా, ఒక కంటి పాప పెద్దదైనా, చేయో కాలో పట్టు తప్పినా, ముక్కులోంచో చెవిలోంచో నీళ్ళలాంటిది కారినా, ఫిట్స్ వచ్చినా 108కి ఫోన్ చేయండి. వాడే వద్దన్నా సరే. అమ్మానాన్నలు తిడతారని మాత్రం దాచకండి.

ఆదివారం ఇద్దరూ రండి. నా దగ్గరున్న పుర్రె ఎలాగూ బీరువాలోంచి తీసి తుడవాలి. తూర్పు కిటికీలో ఎండ తొమ్మిదిన్నర దాకానే ఉంటుంది, ఆ లోపే వచ్చేయండి. వచ్చేటప్పుడు చిన్నత్త పాపను కూడా ఎత్తుకురండి. దాని మాడు ఇంకా పూడలేదు. పడుకున్నాక మెల్లగా చేయి పెట్టి చూస్తే, లోపల కొట్టుకునేది వేళ్ళకు తెలుస్తుంది.

మీ
నానమ్మ