చెట్ల సందు కనిపించిందని కొట్టకండి: గోల్ఫ్‌లో అపోహలు - వాస్తవాలు

పోయిన ఆదివారం పొద్దున్నే మా ఇంటికి ఒక పెద్దాయన వచ్చారు. బ్యాంకులో చేసి రిటైరయ్యారు, రెండేళ్లుగా నా దగ్గర గోల్ఫ్ నేర్చుకుంటున్నారు. ముందురోజు ఒక ప్రైవేటు చాంపియన్‌షిప్ కోర్సులో (పెద్ద పోటీల స్థాయి గోల్ఫ్ మైదానంలో) గెస్టుగా ఆడి, రాత్రి రైలుకి బరంపురం చేరారు. స్కోర్‌కార్డు నా చేతికిచ్చి, "124 మాస్టారూ. ఈ వయసులో నాకీ ఆట రాదేమో" అన్నారు. గొంతు పూడుకుపోయి ఉంది. గోల్ఫ్‌లో పద్దెనిమిది హోల్స్ (గుంతలు) ఎన్ని షాట్లలో ముగించామన్నదే స్కోరు, తక్కువైతే మేలు.

కార్డు చూశాను. మూడు పార్ 4 హోల్స్‌లో, అంటే నాలుగు షాట్లలో ముగించాల్సిన వాటిలో, 9, 10, 10. మిగతా పదిహేనూ ఫరవాలేదు. ఏం జరిగిందని అడిగితే మూడింటికీ ఒకటే కథ. మొదటి షాట్ చెట్లలోకి వెళ్లింది. అక్కడి నుంచి గ్రీన్ (గుంత చుట్టూ ఉండే నున్నటి గడ్డి) వైపు సందు కనిపించింది. కొట్టారు. బంతి మానుకి తగిలి ఇంకా లోపలికి పోయింది. మళ్లీ కొట్టారు.

"చెట్టు 90 శాతం గాలే, ధైర్యంగా కొట్టెయ్" అన్న మాట ఏ క్లబ్బుకెళ్లినా వినిపిస్తుంది. నా ఇరవై ఏళ్ల అనుభవంలో ఇంత నష్టం చేసిన మాట ఇంకోటి లేదు.

గోపాల్‌పూర్ వైపు వెళ్లేవాళ్లు సరుగుడు తోటలు చూసే ఉంటారు. వరసకు సరిగ్గా ఎదురుగా నిలబడితే ఆ చివరిదాకా వెలుగు కనిపిస్తుంది. ఒక్క అడుగు పక్కకు జరగండి, గోడ కట్టినట్టు మూసుకుపోతుంది. కోర్సులో చెట్లూ అంతే. మనం చూసేది ఒక్క సందు, బంతి దాటాల్సింది వెనకాల ఉన్న వరసలన్నిటినీ. 25 గజాల దూరంలో 6 అడుగుల సందు ఉందనుకోండి. మధ్యకి గురిపెట్టిన బంతి రెండున్నర డిగ్రీలు పక్కకు పోతే చాలు, మానుకి తగులుతుంది. వేర్ల మీద, ఎండుటాకుల్లో ఉన్న బంతిని అంత కచ్చితంగా కొట్టగలిగేవాళ్లు ఎందరు? పైగా సందును చూసేది నిలబడ్డ మన కళ్లు, బంతి లేచేది నేల నుంచి. అందుకే ముందు బంతి వెనకాల గొంతుక్కూర్చుని చూడమంటాను. సగం సందులు అప్పుడే మాయమవుతాయి.

చేయాల్సింది ఇది. అన్నిటికంటే వెడల్పైన దారి ఏదో చూడండి. అది పక్కకే కానివ్వండి, వెనక్కే కానివ్వండి. 6 ఐరన్ అనే క్లబ్ (గోల్ఫ్ కర్ర) తీసుకుని, గ్రిప్ (పిడి) కాస్త కిందికి పట్టుకుని, బంతిని వెనక పాదం వైపు ఉంచి, చేతులు బంతి కంటే ముందుంచి, సగం స్వింగ్‌తో ఫెయిర్‌వే (మధ్యలో గడ్డి కత్తిరించిన దారి) మీదికి నెట్టండి. అది రెండో షాట్. మూడోది గ్రీన్ దగ్గరికి, నాలుగోది చిప్ (గ్రీన్ మీదికి చిన్న షాట్), తర్వాత రెండు పట్‌లు (గ్రీన్ మీద బంతిని గుంత వైపు దొర్లించడం). మొత్తం ఆరు. పెద్దాయన ఆ మూడు హోల్స్‌లోనూ ఆరేసి చేసి ఉంటే 29 బదులు 18 అయ్యేది. 11 షాట్లు మిగిలేవి, ఆ ఆదివారం ఆయన అంత దిగులుగా వచ్చేవారు కాదు.

నేను క్యాడీగా ఉన్న రోజుల్లో, పదిహేడేళ్ల వయసులో, ఒక సీనియర్ మెంబర్‌కి బ్యాగ్ మోస్తున్నాను. పోటీలో ఆయనదే ముందంజ. పదిహేడో హోల్‌లో బంతి చెట్ల కింద ఆగింది. పక్కకు కొట్టడమే మంచిదని నాకు తెలుసు. అంత పెద్దాయనకి వెనక్కి తగ్గమని చెప్పడం మర్యాద కాదనుకుని సందు చూపించాను. ఆ హోల్‌లో 8 అయింది, పోటీ పోయింది. ఆయన నన్ను ఒక్క మాట అనలేదు. ఈరోజుకీ ఆ చెట్టు నా కళ్ల ముందే ఉంటుంది. అందుకే నా దగ్గరికొచ్చే వాళ్లకి ఈ సంగతి మొహమాటం లేకుండా చెబుతాను.

"చాంపియన్‌షిప్ కోర్సంటే దూరం కొట్టాలి, డ్రైవర్ లేకుండా కుదరదు" అనేది ఇంకో మాట. డ్రైవర్ అంటే అన్నిటికంటే దూరం కొట్టే క్లబ్. ఢిల్లీ గోల్ఫ్ క్లబ్ లోధి కోర్సులో ఫెయిర్‌వే దాటితే పొదలే. 2025 అక్టోబరులో అక్కడ ఆడినప్పుడు ప్రపంచ ప్రసిద్ధ ఆటగాడు రోరీ మెకిల్‌రాయ్ అంతటివాడే డ్రైవర్ పక్కన పెట్టేశాడు. 2016లో అదే కోర్సులో ఇండియన్ ఓపెన్ గెలిచిన ఎస్.ఎస్.పి. చౌరాసియా దూరం కొట్టే ఆటగాడు కాదు. ఆయన బలమంతా చిప్, పట్.

బంతి పోతే "అక్కడే ఒకటి వేసి ఒక్క పెనాల్టీ రాసుకోవచ్చు" అనుకుంటారు. పెనాల్టీ అంటే స్కోరుకి అదనంగా కలిపే షాట్. కుదరదు. 2019 నుంచి వెతకడానికి 3 నిమిషాలే. దొరక్కపోతే ఒక పెనాల్టీతో పాటు ముందు కొట్టిన చోటికే వెళ్లి మళ్లీ కొట్టాలి. కొన్ని క్లబ్బులు మామూలు ఆటకి రెండు పెనాల్టీలతో ముందుకు వెళ్లి బంతిని డ్రాప్ చేసుకునే (చేత్తో కింద వదిలే) లోకల్ రూల్ పెడతాయి, కార్డు వెనక చూసుకోండి. బంతి పోయిందేమోనని అనుమానం ఉంటే "ప్రొవిజనల్" (తాత్కాలిక బంతి) అని పైకి చెప్పి ఇంకో బంతి కొట్టండి. చెప్పకుండా కొడితే ఆ రెండో బంతే మీ బంతి అయిపోతుంది. రాలిన ఆకులు, పుల్లలు తీసేయొచ్చు, కానీ తీసేటప్పుడు బంతి కదిలితే ఒక పెనాల్టీ, బంతిని మళ్లీ అక్కడే పెట్టాలి. స్వింగ్‌కి అడ్డమని చెట్టుకున్న కొమ్మ విరిస్తే రెండు. అసలు కొట్టలేని చోట ఉంటే ఒక పెనాల్టీతో రెండు క్లబ్‌ల (కర్రల) పొడవు లోపల, హోల్‌కి దగ్గర కాకుండా డ్రాప్ చేయొచ్చు. ఇది ఓడిపోవడం కాదు, రూలే ఇచ్చిన దారి.

"బరంపురం నుంచి వచ్చామంటే అక్కడివాళ్లు చిన్నచూపు చూస్తారేమో" అని చాలామందికి టెన్షన్. ప్రైవేటు కోర్సుల్లో ఎవరూ మీ స్కోరు చూడరు. కాలర్ చొక్కా వేసుకోండి, అరగంట ముందు చేరండి, బంకర్‌లో (ఇసుక గుంతలో) ఆడాక ఇసుక సర్దండి, వెనక గుంపుని ఆపకండి. స్నేహితుల ఆటలో ఒక హోల్‌లో షాట్లు మరీ ఎక్కువైపోతే బంతి తీసేసి తర్వాతి హోల్‌కి నడవండి. ఎవరూ తప్పు పట్టరు.

బుధవారం పెద్దాయన్ని సరుగుడు తోటకి తీసుకెళ్లాను. ఒక మొదలు పక్కన బంతి పెట్టాను. ఎదురుగా సముద్రం వైపు చక్కటి సందు కనిపిస్తోంది. ఆయన కాసేపు అటే చూశారు. తర్వాత గొంతుక్కూర్చుని మళ్లీ చూసి, లేచి, బండి ఆపిన రోడ్డు వైపు తిరిగి 6 ఐరన్ అడిగారు.