గేముకి గడియారం టీవీయే

1991లో వచ్చిన సోనిక్ అనే పరుగుల వీడియో గేమును అమెరికాలో, జపాన్‌లో ఆడినవాళ్లు ఒక సోనిక్‌ను చూశారు, ఐరోపాలో ఆడినవాళ్లు ఇంకో సోనిక్‌ను చూశారు. బొమ్మలు అవే, లెవెల్స్ అవే. కానీ ఐరోపా సోనిక్ ఆరో వంతు నెమ్మది. వెనక వచ్చే సంగీతం కూడా సాగేది. శ్రుతి దాదాపు అదే, లయ మాత్రం మందం. నిమిషానికి 120 దరువులు పడాల్సిన పాటలో 100 పడేవి. ఆ వేగం టీవీని బట్టి మారింది. ఐరోపాలో ఎక్కువ దేశాలు వాడిన టీవీ పద్ధతే అప్పట్లో మనదీ కాబట్టి, విశాఖపట్నంలో ఆడినవాళ్లకూ ఈ లెక్కతో సంబంధం ఉంది.

పిక్చర్ ట్యూబు టీవీలో ఎలక్ట్రాన్ల పుంజం తెరను పైనుంచి కిందికి గీతలు గీతలుగా నింపుతుంది. సెకనుకు ఎన్నిసార్లు నింపాలన్నది ఆ దేశపు కరెంటును చూసి పెట్టుకున్నారు. రెండూ కలవకపోతే తెర మీద నీడ పట్టీలు పాకుతాయి మరి. అమెరికాలో కరెంటు 60 హెర్ట్జ్, అంటే సెకనుకు 60 సార్లు ఊగుతుంది కాబట్టి 60 సార్లు, రెండు విడతలకు కలిపి 525 గీతలు. అది ఎన్‌టీఎస్‌సీ అనే టీవీ పద్ధతి. కరెంటు 50 హెర్ట్జ్ ఉన్నచోట 50 సార్లు, రెండు విడతలకు కలిపి 625 గీతలు. అది ప్యాల్ పద్ధతి. ఢిల్లీలో ఏషియన్ గేమ్స్ జరిగిన 1982లో దూరదర్శన్ రంగుల్లోకి మారినప్పుడు ప్యాల్‌నే తీసుకుంది. కైలాసగిరి మీది టవర్ విశాఖ ఇళ్లకు పంపిందీ ఆ బొమ్మనే.

ఇందులోకి గేము ఎలా చిక్కుకుంది? ఆనాటి కన్సోళ్లలో, అంటే టీవీకి తగిలించే గేము పెట్టెల్లో, బొమ్మ గీసే చిప్ ఒకటి, లెక్కలు చేసే ప్రాసెసర్ ఒకటి. చిప్ తెరను గీస్తున్నంతసేపూ ప్రాసెసర్ బొమ్మల మెమరీ జోలికి పెద్దగా పోకూడదు. పుంజం తెర అడుగుకు చేరి మళ్లీ పైకి వెళ్లే ఆ కాస్త విరామంలోనే మార్పులు చేయాలి. విరామం మొదలవగానే చిప్ ఒక సంకేతం ఇస్తుంది. ప్రోగ్రామర్లు మొత్తం గేమును ఆ సంకేతానికే కట్టేశారు. సంకేతం వచ్చిన ప్రతిసారీ బటన్లు చూడు, మనిషిని తెర మీద రెండు చుక్కలు (పిక్సెళ్లు) జరుపు, సంగీతాన్ని ఒక మెట్టు నడిపించు. 60 సంకేతాలొస్తే సెకనుకు 120 చుక్కలు, 50 వస్తే 100. 36 ఫ్రేముల, అంటే 36 సంకేతాలంత గెంతు అక్కడ 0.6 సెకన్లు, ఇక్కడ 0.72 సెకన్లు. వేలికి ఆ తేడా బాగా తెలుస్తుంది.

బొమ్మ సంగతి ఇంకా అన్యాయం. ప్యాల్‌లో గీతలు ఎక్కువ కాబట్టి బొమ్మ మెరుగ్గా ఉండాలి. కానీ సోనిక్ 224 గీతల కోసం గీసిన గేము. ఎన్‌టీఎస్‌సీలో ఒక్కో విడతకు కనిపించే 240 గీతల్లో అది తెర దాదాపు నింపేస్తుంది. ప్యాల్‌లో 288 కాబట్టి పైనా కిందా నల్ల పట్టీలు మిగిలి, మధ్యలో సోనిక్ నొక్కేసినట్టు పొట్టిగా కనిపించేవాడు. గేమును ప్యాల్ కోసం మళ్లీ సరిచేయడం కుదరని పనేమీ కాదు. చేసిన కంపెనీలూ ఉన్నాయి. చాలామంది ఆ శ్రమ పడలేదు, అదే బాధ.

మన బజార్లలో దొరికిన క్యాసెట్ వీడియో గేములు ఎక్కువగా నింటెండో కన్సోల్‌కు నకళ్లు. ఈ నకళ్ల దగ్గర నాకు భలే నచ్చే పనితనం ఒకటుంది. అమెరికా నింటెండోలో ప్రాసెసర్ వేగం 1.79 మెగాహెర్ట్జ్. ప్యాల్ నింటెండోలో 26.6 మెగాహెర్ట్జ్ గడియారాన్ని 16తో భాగించడంతో అది 1.66కి పడిపోయింది. తైవాన్‌లో తయారైన కొన్ని ప్యాల్ నకలు చిప్‌లలో 15తో భాగించారు. 1.77 వచ్చింది, అసలుకు బాగా దగ్గర. ప్యాల్‌లో అదనంగా వచ్చే గీతల్లో ఎక్కువ భాగాన్ని విరామ సంకేతానికి ముందే ఖాళీగా దాటించేశారు. దాంతో 60 హెర్ట్జ్ కోసం రాసిన క్యాసెట్లు 50 హెర్ట్జ్ టీవీ మీద కూడా చాలావరకు చెడకుండా ఆడాయి. నెమ్మది తప్పలేదు.

విశాఖ ఓడరేవు ఊరు. ఓడల మీద పనిచేసి వచ్చేవాళ్లు బయటి దేశాల ఎలక్ట్రానిక్స్ తెచ్చుకోవడం మామూలే. అమెరికా కన్సోల్‌ను ప్యాల్ మాత్రమే తెలిసిన టీవీకి యాంటెన్నా దారిలో కలిపితే మూడు ఇబ్బందులు ఒకేసారి వస్తాయి. బొమ్మ పైకీ కిందికీ దొర్లుతుంది. టీవీ వెనక, బొమ్మను నిలిపే వీ-హోల్డ్ మీట తిప్పితే ఒక్కోసారి నిలుస్తుంది. రంగు రాదు, ఎందుకంటే కన్సోల్ రంగును 3.58 మెగాహెర్ట్జ్ దగ్గర పంపుతుంటే టీవీ 4.43 దగ్గర వెతుకుతోంది. శబ్దం 4.5 దగ్గర ఉంటే టీవీ 5.5 దగ్గర వింటోంది. మెకానిక్ దగ్గరికి తీసుకెళ్తే “సెట్ బాగానే ఉందండీ, సిస్టమ్ వేరు” అంటాడు. సరైన మాటే. రెండు పద్ధతులూ తెలిసిన మల్టీ సిస్టమ్ టీవీలు వచ్చాక ఈ తంటా తగ్గింది.

1999లో ఐరోపాలో విడుదలైన డ్రీమ్‌కాస్ట్ కన్సోల్‌లో చాలా గేములు 50 కావాలా 60 కావాలా అని మొదట్లోనే అడిగేవి. హెచ్‌డీ టీవీలు, హెచ్‌డీఎంఐ వచ్చాక కొత్త గేములకు ఈ గొడవే లేదు. పాత గేములకు ఉంది. 2018లో సోనీ పాత గేములు నింపి అమ్మిన ప్లేస్టేషన్ క్లాసిక్ కన్సోల్‌లో 20 గేములుంటే 9 ప్యాల్ వెర్షన్లే పెట్టారు. టెక్కెన్ 3 లాంటి ఫైటింగ్ గేమును కూడా 60 హెర్ట్జ్ టీవీ మీద 50 లెక్కన నడిపారు, ఆడేవాళ్లు వెంటనే పట్టేశారు. మీరు ఎమ్యులేటర్‌లో, అంటే పాత కన్సోల్‌ను అనుకరించే సాఫ్ట్‌వేర్‌లో, పాత గేము ఆడుతుంటే సెట్టింగ్స్‌లో రీజియన్ చూడండి. యూరప్ అని ఉంటే ఒకసారి యూఎస్‌ఏ వెర్షన్ పెట్టి అదే లెవెల్ ఆడండి. చిన్నప్పుడు అలవాటైన గెంతు ఏ పద్ధతిదో వేళ్లే చెప్పేస్తాయి.