మనోవర్తి బకాయి: జైలుకెళ్లొచ్చినా తీరని అప్పు

మనోవర్తి కట్టకపోతే జైలు అన్న నిబంధన ఈనాటిది కాదు. 1898 నాటి క్రిమినల్ ప్రొసీజర్ కోడ్ 488వ సెక్షన్‌లోనే ఉంది. అంతకు ముందరి 1872 కోడ్‌ను తీర్చిదిద్దిన ఇంగ్లీషు న్యాయవేత్త జేమ్స్ ఫిట్జ్‌జేమ్స్ స్టీఫెన్ ఈ ఏర్పాటును దేశదిమ్మరితనాన్ని అరికట్టే మార్గంగా చూశాడు. దిక్కులేక వీధిన పడ్డ తల్లీపిల్లల వల్ల శాంతిభద్రతలు చెడతాయన్నదే అప్పటి సర్కారు దిగులు. ఆడమనిషి హక్కు సంగతి ఎవరికీ పట్టలేదు. కుటుంబ వ్యవహారమే అయినా ఇది మేజిస్ట్రేటు చేతికి వెళ్లింది అందుకే.

ఆ పాత చూపు చాలాకాలం వదల్లేదు. నెలకు 500 రూపాయలకు మించకూడదని 1955లో పెట్టిన పరిమితి 1973 కోడ్ 125వ సెక్షన్‌లోనూ కొనసాగి, 2001లో గానీ పోలేదు. కేసు తేలేలోపు మధ్యంతర మనోవర్తి ఇవ్వాలని చట్టంలో రాసిందీ అప్పుడే.

ఇక ఉత్తర్వు ధిక్కరిస్తే ఏమవుతుంది? సరైన కారణం లేకుండా డబ్బు ఎగ్గొడితే, జరిమానా వసూలు చేసినట్టే వసూలు చేయడానికి మేజిస్ట్రేటు వారెంటు ఇస్తారు. దానికీ రాకపోతే, ఒక్కో నెల బకాయికి ఒక నెల వరకు జైలు. ఈలోగా కట్టేస్తే బయటికి రావచ్చు. జైల్లో కూర్చుంటే బాకీ చెల్లిపోతుందనుకునే మగవాళ్లకు 1988లో కుల్దీప్ కౌర్ కేసులో సుప్రీంకోర్టు గట్టిగానే చెప్పింది: జైలు డబ్బు రాబట్టే మార్గమే, డబ్బుకు బదులు కాదు. శిక్ష అనుభవించినా అప్పు అప్పే.

2020లో రజనేష్, నేహా కేసులో దరఖాస్తు పెట్టిన రోజు నుంచే మనోవర్తి లెక్కకట్టాలనీ, ఇద్దరూ ఆస్తిపాస్తులపై అఫిడవిట్ దాఖలు చేయాలనీ అదే కోర్టు ఆదేశించింది. విడాకులు పొందిన ముస్లిం మహిళ కూడా 125 కింద అడగవచ్చని 2024 జూలై 10న చెప్పింది. తెలంగాణ నుంచి వెళ్లిన కేసు అది. మాజీ భర్త ఆ అప్పీలు వేసింది నెలకు పదివేల మధ్యంతర మనోవర్తి విషయంలో.

ఇన్ని మారినా ఒక మెలిక మాత్రం అలాగే ఉంది. బకాయి పడ్డ ఏడాదిలోపు అర్జీ పెట్టుకోకపోతే ఆ సొమ్ముకు ఈ వారెంటు రాదు. నెలకు ఎనిమిది వేల చొప్పున ఇరవై నెలలు రావలసి ఉండి, ఆమె ఇప్పుడే మొదటిసారి కోర్టుకెక్కిందనుకోండి. ఈ దారిలో దక్కేది చివరి పన్నెండు నెలల తొంభై ఆరు వేలే. మిగతా అరవై నాలుగు వేలకు వారెంటు లేదు. ‘వచ్చే నెల ఇస్తా’ అన్న మాట నమ్మి ఆగిన ఇల్లాలే ఇందులో నష్టపోతుంది. 1973 కోడ్ స్థానంలో 2024 జూలై 1 నుంచి అమల్లోకి వచ్చిన భారతీయ నాగరిక్ సురక్షా సంహిత 144వ సెక్షన్ ఈ గడువును తొలగించాల్సింది. యథాతథంగా ఉంచింది.