ఎలుక మూత్రాశయం దగ్గర ఆగిపోయిన వాదం

కృత్రిమ తీపి మీద తగవు మళ్ళీ రాజుకుంది. మళ్ళీ అవే రెండు మాటలు ఎదురెదురుగా నిలబడ్డాయి. ఒకటి 'క్యాన్సర్ కలిగించే అవకాశం ఉంది' అనే 2బి ముద్ర. రెండోది 'శరీర బరువు కిలోకు రోజుకు 40 మిల్లీగ్రాముల దాకా పర్వాలేదు' అనే లెక్క. రెండూ డైట్ పానీయాల్లో కలిపే ఆస్పర్టేమ్ అనే కృత్రిమ తీపి గురించే. రెండూ 2023 జులై 14నే వచ్చాయి. ముద్ర వేసింది అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ, లెక్క చెప్పింది ఆహారంలో కలిపే పదార్థాలను, అంటే సంకలితాలను, పరిశీలించే జెక్ఫా సంఘం. ఈ రెంటికీ ప్రపంచ ఆరోగ్య సంస్థతోనే సంబంధం. ఎవరికి నచ్చిన ముక్క వాళ్ళు పట్టుకుపోయారు.

అన్నిటికంటే పాత కృత్రిమ తీపి సాకరిన్ పుట్టుక, చేతులు కడుక్కోకుండా భోజనానికి కూర్చుని దాని తీపిని కనిపెట్టిన రసాయన శాస్త్రవేత్త కథ అందరూ విన్నవే. వాటిని వదిలేసి నేరుగా 1977కు వెళ్ళాలి. నేటి గందరగోళానికి మూలం ఆ ఏడాదే ఉంది.

ఆ ఏడాది కెనడా ప్రభుత్వ ప్రయోగశాల ఒక ఎలుకల పరీక్ష ఫలితం బయటపెట్టింది. మేతలో 5 శాతం, అంటే కిలో మేతకు 50 గ్రాముల సాకరిన్ కలిపారు. తల్లిదండ్రుల తరానికి పెట్టారు, వాటికి పుట్టిన పిల్లలకూ జీవితాంతం అదే మేత పెట్టారు. రెండో తరం మగ ఎలుకల్లో మూత్రాశయ కణితులు స్పష్టంగా పెరిగాయి. మార్చిలో అమెరికా ఆహార ఔషధ సంస్థ ఎఫ్‌డీఏ సాకరిన్‌ను నిషేధిస్తామని ప్రకటించింది. మనిషి ఆ మోతాదుకు చేరాలంటే రోజుకు 800 డైట్ కూల్‌డ్రింకులు తాగాలని లెక్కలు వచ్చాయి. జనం నవ్వుకున్నారు.

ఆ నవ్వులో సగం అన్యాయం ఉంది. ఎలుకలకు అంత మోతాదు ఇవ్వడానికి కారణం ఉంది. ఒక గుంపులో సాధారణంగా 50 ఎలుకలు ఉంటాయి. ఏదైనా పదార్థం వెయ్యిలో ఒకదానికి కణితి తెస్తుందనుకుంటే, మామూలు మోతాదులో ఆ 50లో ఒక్కటి కూడా కనిపించకపోవచ్చు. పట్టుకోవాలంటే ఎలుకలను వేలల్లో పెంచాలి, లేదా మోతాదు పెంచాలి. రెండోది చవక. అయితే దానికో చిక్కుంది. మోతాదు మరీ పెంచితే శరీరంలో మామూలుగా జరగని పనులు మొదలవుతాయి. అప్పుడు కనిపించిన కణితి పదార్థం వల్ల వచ్చిందా, మోతాదు వల్ల వచ్చిందా అన్నది విడదీయడం కష్టం.

ఎఫ్‌డీఏ ఆ విడదీసే పని పెట్టుకోలేదు. పెట్టుకునే వీలు చట్టం ఇవ్వలేదు. 1958లో ఆహార సంకలితాల చట్టానికి న్యూయార్క్ ప్రతినిధి జేమ్స్ డిలానీ పేరుతో ఒక నిబంధన చేరింది. మనిషిలోగానీ జంతువులోగానీ క్యాన్సర్ కలిగిస్తుందని తేలిన సంకలితం ఏదీ సురక్షితం కాదన్నది దాని సారం. ఎంత మోతాదులో, ఏ జంతువులో, ఏ విధంగా అన్న ప్రశ్నలకు అందులో చోటు లేదు. కలిగిస్తుందా, కలిగించదా? అంతే.

ఆ నిబంధన బరువెంతో 1969లోనే తెలిసింది. అప్పట్లో డైట్ కూల్‌డ్రింకుల్లో ఎక్కువగా వాడింది సైక్లమేట్ అనే మరో కృత్రిమ తీపి. పది పాళ్ళ సైక్లమేట్‌కు ఒక పాలు సాకరిన్ కలిపితే చేదు తగ్గి రుచి కుదిరేది. ఆ మిశ్రమం తిన్న 240 ఎలుకల్లో ఎనిమిదింటికి మూత్రాశయ కణితులు వచ్చాయి. అక్టోబరులో సైక్లమేట్‌కు ద్వారాలు మూసుకున్నాయి. విచిత్రం ఏమంటే, పరీక్షించింది మిశ్రమాన్ని, వేటు పడింది అందులో ఒక్కదాని మీద. సైక్లమేట్‌కు దానంతటదిగా క్యాన్సర్ కలిగించే గుణం కనిపించడం లేదని 1985లో అమెరికా జాతీయ శాస్త్ర అకాడమీ సమీక్ష చెప్పింది. నిషేధం మాత్రం అక్కడ నేటికీ ఉంది. ఐరోపాలో అదే సైక్లమేట్ ఈ952 పేరుతో దర్జాగా అమ్ముడవుతోంది.

1977కు వచ్చేసరికి అమెరికాలో మిగిలిన కృత్రిమ తీపి సాకరిన్ ఒక్కటే. అదీ పోతే మధుమేహులకు ఏ దారీ ఉండదు. ఉత్తరాలు వెల్లువెత్తాయి. శాసనకర్తలు డిలానీ నిబంధనను ముట్టుకోలేదు, దాని పక్కనుంచి సందు వెతుక్కున్నారు. ఆ నవంబరులో చేసిన చట్టం నిషేధాన్ని 18 నెలలు ఆపి, లేబుల్ మీద ఒక హెచ్చరిక తప్పనిసరి చేసింది. ఇది మీ ఆరోగ్యానికి హానికరం కావచ్చు, ఇందులో ప్రయోగశాల జంతువుల్లో క్యాన్సర్ కలిగిస్తుందని తేలిన సాకరిన్ ఉంది అన్నది ఆ హెచ్చరిక. 18 నెలల గడువు పొడిగిస్తూ పొడిగిస్తూ 2000 దాకా సాగింది. అంటే 23 ఏళ్ళు ఒక పదార్థం 'ప్రమాదకరం' అన్న చీటీతోనే అల్మారాల్లో అమ్ముడైంది. కృత్రిమ తీపి పేరు చెబితే ఇప్పటికీ చాలామందికి కలిగే జంకు ఆ చీటీ నేర్పిందే. చీటీ పోయింది, జంకు ఉండిపోయింది.

ఆ 23 ఏళ్ళలో ఎలుక మూత్రాశయంలో ఏం జరుగుతోందో ఓపికగా తవ్వి తీశారు. నెబ్రాస్కా విశ్వవిద్యాలయంలో శామ్యూల్ కోహెన్ బృందం పని ఇందులో ముఖ్యమైనది. ఎలుక మూత్రం మనిషి మూత్రం కంటే చాలా చిక్కనిది, అందులో ప్రొటీన్ ఎక్కువ. సోడియం సాకరిన్ భారీగా తిన్నప్పుడు మూత్రపు ఆమ్లత తగ్గుతుంది. ఆ స్థితిలో కాల్షియం ఫాస్ఫేట్ రేణువులుగా పేరుకుంటుంది. ఆ రేణువులు గరుకు కాగితంలా మూత్రాశయపు లోపలి పొరను గీస్తాయి. పొర చచ్చి మళ్ళీ పుడుతుంది, మళ్ళీ చస్తుంది. ఈ ఆగని మరమ్మతే కణితికి దారి తీస్తుంది. దీనికి సాకరినే కానక్కర్లేదు. విటమిన్ సి సోడియం లవణాన్ని అంతే భారీగా పెట్టినా ఎలుక మూత్రాశయం అదే తీరున స్పందించింది. మూత్రాన్ని ఆమ్లంగా ఉంచే సాకరిన్ రూపం పెడితే స్పందన లేదు. చిట్టెలుకల్లో ఇది జరగలేదు. 20 కోతులకు వారానికి ఐదు రోజులు, కిలోకు 25 మిల్లీగ్రాముల చొప్పున, 24 ఏళ్ళ దాకా పెట్టి చూశారు. 1998లో ఆ ఫలితం వచ్చింది. మూత్రాశయ కణితి ఒక్కటీ లేదు.

మనుషుల లెక్కలు కూడా మొదట్లో ఒకే దారిన లేవు. 1977లోనే కెనడాలో జరిగిన ఒక అధ్యయనం సాకరిన్ వాడే మగవారిలో మూత్రాశయ క్యాన్సర్ అవకాశం 1.6 రెట్లని చెప్పింది. నిషేధం కోరినవారికి అదే ఆధారం. అప్పటికి అందులో తప్పు పట్టడానికీ లేదు. 1980లో అమెరికా జాతీయ క్యాన్సర్ సంస్థ సుమారు 3,000 మంది రోగులను, అంతకు దాదాపు రెట్టింపు ఆరోగ్యవంతులను పోల్చి చూసింది. మొత్తం మీద తేడా కనిపించలేదు. 1991లో ఎఫ్‌డీఏ తన నిషేధ ప్రతిపాదన వెనక్కి తీసుకుంది. 1999లో అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ సాకరిన్‌ను 2బి నుంచి కిందికి దించింది. 2000 డిసెంబరులో లేబుల్ హెచ్చరిక పోయింది. ఈ కథకు సరిహద్దు అవతల ఒక కొసరు ఉంది. కెనడా 1977లో ఆహారంలో సాకరిన్‌ను ఆపి, సైక్లమేట్‌ను ఇంట్లో కలుపుకునే తీపిగా ఉంచింది. అమెరికా సరిగ్గా తలకిందులుగా చేసింది. అవే ఎలుకలు, అవే కాగితాలు. కెనడా తన ఆంక్షను 2014లో ఎత్తేసింది.

ఇక ఆస్పర్టేమ్. దాని మీద అనుమానం ఎలుక కంటే ఫైళ్ళతో మొదలైంది. 1974లో వచ్చిన తొలి అనుమతిని అభ్యంతరాల మీద మరుసటి ఏడాది నిలిపేశారు. తయారీదారు సెర్ల్ చేయించిన పరీక్షల రికార్డుల్లో లోపాలున్నాయని ఎఫ్‌డీఏ సొంత తనిఖీలోనే బయటపడింది. మెదడు కణితుల విషయం తేలేదాకా ఆగమని 1980లో శాస్త్రవేత్తల విచారణ మండలి సలహా ఇచ్చింది. 1981లో కొత్త కమిషనర్ ఆర్థర్ హల్ హేస్ ఆ సలహాను పక్కన పెట్టి పొడి ఆహారాలకు అనుమతించారు. 1983లో కూల్‌డ్రింకులకూ అనుమతి వచ్చింది. అప్పట్లో సెర్ల్ అధిపతి, అంతకుముందు అమెరికా రక్షణ మంత్రిగా చేసిన డొనాల్డ్ రమ్స్‌ఫెల్డ్. అనుమతి వెనుక రాజకీయం ఉందనేవారు ఈ తేదీల వరుసనే చూపిస్తారు. వరుస నిజమే. అది అనుమతి ఎలా వచ్చిందో చెబుతుంది, పదార్థం ఏం చేస్తుందో చెప్పదు.

పదార్థం చేసేది మాత్రం బాగా తెలుసు. పేగుల్లోనే అది మూడు ముక్కలవుతుంది. సగం దాకా ఫినైల్‌అలనీన్, 40 శాతం ఆస్పార్టిక్ ఆమ్లం, 10 శాతం మిథనాల్. 200 మిల్లీగ్రాముల ఆస్పర్టేమ్ ఉన్న డబ్బా తాగితే 20 మిల్లీగ్రాముల మిథనాల్ వస్తుంది. ఒక గ్లాసు టమాటా రసంలో దానికంటే ఎక్కువే ఉంటుంది. ఫినైల్‌కీటోన్యూరియా అనే పుట్టుకతో వచ్చే లోపం ఉన్నవారికి ఫినైల్‌అలనీన్ నిజమైన ప్రమాదం. లేబుల్ మీద ఆ హెచ్చరిక వారి కోసమే, దానిని తక్కువ చేసి చూడకూడదు. వేడికి ఆస్పర్టేమ్ విరిగి తీపి పోతుంది, అందుకే వంటకు పనికిరాదు. వంటకు సుక్రలోజ్ అనే మరో కృత్రిమ తీపి వాడతారు. అయితే దానినీ 120 డిగ్రీలు దాటించి వేయించినా కాల్చినా క్లోరిన్ ఉన్న అవాంఛిత పదార్థాలు ఏర్పడవచ్చని జర్మనీ ఆహార భద్రతా సంస్థ 2019లో హెచ్చరించింది. పొయ్యి మీంచి దించాక కలపడమే మేలు.

2005లో ఇటలీలో బొలోన్యాలోని రామజ్జిని సంస్థ 1,800 ఎలుకలతో పెద్ద పరీక్ష చేసి, ఆస్పర్టేమ్ రక్త క్యాన్సర్లు తెస్తోందని చెప్పింది. మిగతా ప్రయోగశాలల్లా రెండేళ్ళకు ఆపకుండా ఎలుకలు సహజంగా చనిపోయేదాకా చూడటం దాని ప్రత్యేకత. ఐరోపా ఆహార భద్రతా సంస్థ ఒప్పుకోలేదు. ఆ ఎలుకల మందలో ఊపిరితిత్తుల ఇన్‌ఫెక్షన్ ఎక్కువగా ఉందని, కణితులకు అదే కారణం కావచ్చని చెప్పింది. కణితి పదార్థం వల్ల వచ్చిందా, మరోదాని వల్ల వచ్చిందా అన్న 1977 నీడే ఇక్కడా.

ఇప్పుడు 2023ను ఈ వెలుగులో చదవాలి. క్యాన్సర్ సంస్థ అడిగేది డిలానీ ప్రశ్న లాంటిదే: హాని చేయగల గుణం ఉందా? ఆధారం ఎంత గట్టిది? ఎంత తింటే అన్నది దాని పని కాదు. కాలేయ క్యాన్సర్ మీద అది ముందు పెట్టుకున్న మానవ అధ్యయనాలు ఆస్పర్టేమ్‌ను కొలవలేదు, కృత్రిమ తీపి పానీయాలను లెక్కపెట్టాయి. అందుకే 'పరిమిత ఆధారం' అంది. జెక్ఫా అడిగేది రెండో ప్రశ్న: ఎంతదాకా? జంతువుల్లో హాని కనిపించని మోతాదు కిలోకు 4,000 మిల్లీగ్రాములు. మనిషికీ జంతువుకూ ఉన్న తేడాకు పదితో, మనిషికీ మనిషికీ ఉన్న తేడాకు మరో పదితో భాగిస్తే 40. బరువు 60 కిలోలైతే రోజుకు 2,400 మిల్లీగ్రాములు. డబ్బాకు 200 నుంచి 300 వేసుకుంటే 8 నుంచి 12 డబ్బాలు. రెండు చెంచాల చక్కెర, అంటే 8 గ్రాముల తీపి రావడానికి కావలసింది 40 మిల్లీగ్రాములే. టీలో కలుపుకునే తీపి ప్యాకెట్‌లో మిగిలిన పొడి చాలావరకు ఒట్టి నింపుడు సరుకు.

క్యాన్సర్ చుట్టూ ఇంత తిరిగాక మిగతా ప్రశ్నలకు దశాబ్దాల పాటు ఓపిక మిగల్లేదు. ఈ మొత్తం తగవులో అసలు నష్టం అదే. బరువు సంగతి చూడండి. చక్కెర తీసేసి కృత్రిమ తీపి పెట్టిన స్వల్పకాల ప్రయోగాల్లో సగటున ముప్పావు కిలో దాకా తగ్గింది. ఏళ్ళ తరబడి గమనించిన అధ్యయనాల్లో మాత్రం వాడేవారిలోనే ఊబకాయం, మధుమేహం, గుండె జబ్బులు ఎక్కువ కనిపించాయి. బరువు పెరుగుతున్నవారే డైట్ పానీయాలకు మళ్ళుతారు కాబట్టి ఏది కారణం, ఏది ఫలితం అన్నది తేలదు. అందుకే 2023 మేలో ప్రపంచ ఆరోగ్య సంస్థ బరువు తగ్గడానికి వీటిని వాడొద్దని చెబుతూనే, దానిని షరతులతో కూడిన సలహాగా ఉంచింది. ఇప్పటికే మధుమేహం ఉన్నవారికి అది వర్తించదంది. 2022లో ఇజ్రాయెల్ పరిశోధకులు 120 మంది ఆరోగ్యవంతులపై చేసిన ప్రయోగంలో, అనుమతి మోతాదు కంటే తక్కువ తిన్నా రెండు వారాల్లో సాకరిన్, సుక్రలోజ్ కొందరి గ్లూకోజ్ స్పందనను మార్చాయి. మార్పు అందరిలో ఒకలా లేదు. పేగు సూక్ష్మజీవులను బట్టి మారింది. అసలు కృత్రిమ తీపి ముట్టనివాళ్ళను ఆ ప్రయోగానికి వెతికి పట్టుకోవడమే కష్టమైంది.

ఇలాంటి ప్రశ్నలు తేలాలంటే ఎవరు ఎంత తింటున్నారో తెలియాలి. ఫ్రాన్స్‌లో లక్షమందికి పైగా పెద్దలను పరిశీలించి 2022లో ప్రచురించిన అధ్యయనం ఆ పని కష్టపడి చేసింది. తిన్న సరుకును బ్రాండ్ పేరుతో సహా రాయించుకుని తీపి మోతాదును అంచనా కట్టింది. అంత కష్టం ఎందుకంటే, ఇప్పటి పానీయాల్లో ఆస్పర్టేమ్, ఎసిసల్ఫేమ్ పొటాషియం, సుక్రలోజ్ కలగలుపుగా ఉంటాయి. చాలా దేశాల్లో డబ్బా మీద వాటి పేర్లు ఉంటాయి. ఏది ఎన్ని మిల్లీగ్రాములో ఉండదు.