మ్యాచ్ ఉన్న రోజు జెండా, మ్యాచ్ లేని రోజు జెండా

చిరంజీవులు చిన్నాకు, బుజ్జికి,

ఇంగ్లండ్ నుంచి అమ్మమ్మ ఆశీస్సులు. ఒలింపిక్స్‌లో పతకం గెలిచినవాళ్లు ఒక జెండా కప్పుకుంటారు, ఫుట్‌బాల్‌కి వచ్చిన జనం ఇంకో జెండా ఊపుతారు, ఇంతకీ ఇంగ్లండ్‌ది ఏ జెండా అని అడిగారు కదా. ఫోన్లో చెబితే సగం వినేసరికి మీ అమ్మ హోంవర్క్ అని పిలుస్తుంది. అందుకే తీరిగ్గా కూర్చుని రాస్తున్నా.

ఇంగ్లండ్ జెండా అంటే తెల్లటి గుడ్డ మీద ఎర్ర శిలువ. సెయింట్ జార్జ్ పేరు మీద వచ్చింది. ఆయన ఇంగ్లండ్‌లో పుట్టలేదు, ఈ గడ్డ మీద కాలు కూడా పెట్టలేదు. ఇప్పటి టర్కీలో ఉన్న కప్పడోసియా ప్రాంతం వాడని చెప్పుకుంటారు. కేరళ చర్చిల్లో గుర్రమెక్కి పాము లాంటి జంతువుని ఈటెతో పొడుస్తూ కనిపించే పుణ్యపురుషుడు కూడా ఈయనే. బయటి దేశాలవాళ్లు వెళ్లిపోవాలని అరుస్తూ ఈ జెండా పట్టుకునేవాళ్లని చూస్తే నాకు లోపల నవ్వొస్తుంది.

నీలం, ఎరుపు, తెలుపు గీతలున్న యూనియన్ జాక్ బ్రిటన్ మొత్తానిది. 1603లో స్కాట్లండ్ రాజు జేమ్స్ ఇంగ్లండ్‌కి కూడా రాజయ్యాడు. 1606లో రెండు దేశాల శిలువల్నీ ఒకదాని మీద ఒకటి వేసి ఒకే జెండా చేశారు. 1801లో ఐర్లండ్ శిలువ వచ్చి చేరింది. వేల్స్‌ని అంతకు ముందే ఇంగ్లండ్‌లో కలిపేసుకున్నారు కాబట్టి వాళ్ల గుర్తు అందులో లేదు.

ఒలింపిక్స్‌కి అందరూ కలిసి బ్రిటన్‌గా వెళ్తారు. ఫుట్‌బాల్‌లో ఎవరి జట్టు వారిదే, ఎందుకంటే ఆ ఆటలో దేశానికీ దేశానికీ మధ్య పోటీ అనేదే వీళ్లతో మొదలైంది. 1872 నవంబరు 30న గ్లాస్గోలో స్కాట్లండ్, ఇంగ్లండ్ ఆడాయి. ఒక్క గోలూ పడలేదు. ప్రపంచ ఫుట్‌బాల్ సంఘం పుట్టింది 1904లో. అప్పటికే పాతుకుపోయిన జట్లని ఎవరు కదిలిస్తారు? మన రాష్ట్రం ఒకటిగా ఉన్న రోజుల్లోనూ రంజీలో హైదరాబాద్, ఆంధ్ర విడివిడిగానే ఆడేవి, మీ తాతయ్యనడిగితే స్కోర్లతో సహా చెబుతారు.

ఇక అసలు సంగతి. ఇంగ్లండ్ ఫుట్‌బాల్ ప్రపంచ కప్పు గెలిచింది 1966లో, పశ్చిమ జర్మనీ మీద 4-2 తేడాతో, లండన్ వెంబ్లీలో. ఆనాటి ఫోటోలు వెతికి చూడండి. జనం చేతుల్లో దాదాపు అన్నీ యూనియన్ జాక్‌లే. ఆ పోటీల గుర్తుగా పెట్టుకున్న సింహం బొమ్మ వేసుకున్న చొక్కా కూడా యూనియన్ జాకే. ఉమ్మడి కుటుంబంలో పెద్దన్నకి వేరే గది ఎందుకుంటుంది? ఇల్లంతా తనదేననుకుంటాడు. అప్పట్లో ఇంగ్లిషువాళ్ల ఆలోచనా అంతే. ఇంగ్లండ్ అన్నా బ్రిటన్ అన్నా వాళ్లకి ఒకటే.

ముప్ఫయ్యేళ్లకి, 1996లో, యూరప్ కప్పు ఇంగ్లండ్‌లో జరిగింది. స్కాట్లండ్, ఇంగ్లండ్ ఒకే గ్రూపులో పడ్డాయి. జూన్ 15న వెంబ్లీలో మ్యాచ్. స్కాట్లండ్‌వాళ్లు నీలం మీద తెల్ల ఇంటూ గుర్తున్న తమ జెండా పట్టుకొచ్చారు. ఇప్పుడు చెప్పండి, ఇంగ్లండ్‌వాళ్లు యూనియన్ జాక్ ఎలా ఊపుతారు? అందులో అవతలి జట్టు జెండా కూడా ఉందాయె! ఆ వేసవిలో ఎక్కడ చూసినా ఎర్ర శిలువలే. బుగ్గల మీద రంగు, పబ్బుల కిటికీలు, కార్ల అద్దాలు. ఇంగ్లండ్ 2-0తో గెలిచింది. సెమీఫైనల్లో జర్మనీ చేతిలో పెనాల్టీల దగ్గర ఓడిపోయింది గానీ, జెండా మాత్రం మళ్లీ అటక ఎక్కలేదు.

మరుసటి ఏడాది స్కాట్లండ్, వేల్స్ ప్రజలు ఓట్లేసి, 1999 నాటికి సొంత చట్టసభలు తెచ్చుకున్నారు. ఇంగ్లండ్‌కి అలాంటిది లేదు. సొంత జాతీయ గీతం కూడా లేదు, మ్యాచ్ ముందు బ్రిటన్ గీతమే పాడతారు. సొంత పాస్‌పోర్టు లేదు. మరి ఇంగ్లండ్ అనే దేశం కంటికి కనిపించేదెక్కడ? మూడు సింహాల చొక్కా వేసుకుని పదకొండు మంది మైదానంలోకి దిగినప్పుడు. నాకు తెలిసి ఇంకెక్కడా అంత స్పష్టంగా కనపడదు. అందుకే ఆ పదకొండు మంది ఎవరు అన్నది ఇక్కడ ఆటను మించిన విషయమైపోయింది.

తాతయ్య డాక్టరు ఉద్యోగానికి మేం ఇక్కడికొచ్చిన ఎనభైల్లో, జెండా కట్టిన పబ్బు కనబడితే రోడ్డు దాటి అవతలివైపు నుంచి నడిచేవాళ్లం. నేషనల్ ఫ్రంట్ అనే పార్టీ యూనియన్ జాక్ పట్టుకుని, మనలాంటివాళ్లని పంపేయాలని ఊరేగేది. నల్లజాతి ఆటగాడు ఇంగ్లండ్ పెద్దల జట్టుకి మొట్టమొదట ఆడిందే 1978లో, ఆయన పేరు వివ్ ఆండర్సన్. 1993కి పాల్ ఇన్స్ కెప్టెన్‌గా దిగాడు. మనుషులు మారారు అనుకున్నాం, మారారు కూడా. కానీ 2021 జూలైలో యూరప్ కప్పు ఫైనల్లో రాష్‌ఫర్డ్, సాంచో, సాకా పెనాల్టీలు పోగొట్టారు. ముగ్గురూ నల్లజాతి కుర్రాళ్లు. ఆ రాత్రే వాళ్లమీద బూతులు మొదలయ్యాయి. మాంచెస్టర్‌లో విథింగ్టన్ అనే పేటలో గోడమీదున్న రాష్‌ఫర్డ్ బొమ్మని పాడుచేశారు. పాడైనచోట మొదట జనం నల్ల ప్లాస్టిక్ కప్పారు, తర్వాత దానిమీద కాగితాలు అంటించడం మొదలుపెట్టారు. హృదయాలు, ఉత్తరాలు, చిన్న పిల్లల వంకర అక్షరాలు, మధ్య మధ్యలో ఎర్ర శిలువ జెండాలు. గోడ కనపడనంతగా నింపేశారు.

క్రికెట్ సంగతి చెబితే చిన్నాకి ఉత్సాహం. 1990లో నార్మన్ టెబిట్ అనే నాయకుడు, వలస వచ్చినవాళ్లు ఏ జట్టుకి చప్పట్లు కొడతారో చూడండి, వాళ్ల మనసు ఏ దేశం వైపుందో తెలిసిపోతుంది అన్నాడు. ఆ తర్వాత పదేళ్లు తిరక్కుండానే మద్రాసులో పుట్టిన నాసిర్ హుస్సేన్ ఇంగ్లండ్ కెప్టెనయ్యాడు. 2019లో ప్రపంచ కప్పు ఎత్తిన మోర్గాన్ డబ్లిన్‌లో పుట్టాడు, స్టోక్స్ న్యూజిలాండ్‌లో, ఆర్చర్ బార్బడోస్‌లో. మీ బావ ఇక్కడే పుట్టి పెరిగాడు. ఫుట్‌బాల్‌కి ఎర్ర శిలువ వేసుకుంటాడు. కానీ 2025 ఆగస్టులో ఓవల్‌లో మన హైదరాబాదీ సిరాజ్ ఆఖరి వికెట్ తీసి, ఆరు పరుగుల తేడాతో గెలిపించినప్పుడు సోఫా ఎక్కి గంతులేశాడు. ఆ టెబిట్ పరీక్షలో వీడికి ఎన్ని మార్కులేస్తారో!

సరిగ్గా ఆ వేసవిలోనే, మా బర్మింగ్‌హామ్‌తో మొదలై చాలా ఊళ్లలో, దీపస్తంభాలకి ఎర్ర శిలువ జెండాలు, యూనియన్ జాక్‌లు కట్టారు. చిన్న రౌండబౌట్లలో తెల్లగా ఉండే గుండ్రటి చోట ఎర్ర గీతలు పూశారు. ప్లాస్టిక్ తాళ్లతో పైన బిగించేసరికి వానకి తడిసి, చుట్టుకుపోయి వేలాడేవి. శరణార్థులని ఉంచిన హోటళ్ల ముందు నిరసనలు జరుగుతున్న రోజులవి. మా పక్కింటి పెద్దాయన, మా జెండా మేం కట్టుకుంటే తప్పేంటమ్మా అన్నాడు. ఆయన మనసులో ఏ కల్మషమూ లేదని నాకు తెలుసు. 2014లో ఎమిలీ థార్న్‌బెర్రీ అనే ఎంపీ, జెండాలు కట్టిన ఒక ఇంటి ఫోటో పెట్టి, మామూలు జనాన్ని వెక్కిరించిందన్న గొడవలో పార్టీ పదవి వదులుకుంది. ఆ వెక్కిరింత నాకూ నచ్చలేదు. అయినా చెబుతున్నా, ప్రపంచ కప్పు రోజుల్లో ఆ జెండా కనిపిస్తే స్కోరెంత అని అడుగుతాను. మ్యాచ్ లేని రోజు కనిపిస్తే, ఇది ఎవరు కట్టారు, ఎవరు చూడాలని కట్టారు అనుకుంటాను. మీ బావ స్కూలు నుంచి వచ్చే దారి మార్చుకున్నాడు. ఎందుకని నేను అడగలేదు.

ఇంకో తమాషా చెబుతా. ఇంగ్లండ్, వేల్స్ జనాభా లెక్కల్లో నువ్వెవరు అని ఒక ప్రశ్న ఉంటుంది. 2011లో నేను ఇంగ్లిష్ మాత్రమే అన్నవాళ్లు నూటికి 58 మంది దాకా ఉన్నారు. 2021లో 15 మంది! దేశం తలకిందులైందా అంటే అదేం కాదు. ఇంగ్లండ్‌లో ఇచ్చిన ఫారంలో బ్రిటిష్ అనే గడిని ఈసారి పైకి జరిపారు, ఎక్కువమంది మొదట కనిపించిందానికే టిక్కు పెట్టేశారు. మీ మామయ్య రెండు గళ్లలోనూ టిక్కు పెట్టి, కింద ఇండియన్ అని కూడా రాశాడు.

చిన్నా, ఇంగ్లండ్ ఫుట్‌బాల్ చొక్కా కావాలని బావకి మెసేజ్ పెట్టావట. 2024లో ఆ చొక్కా కాలర్ వెనక ఎర్ర శిలువకి ఊదా, నీలం రంగులు కలిపారని ప్రధానమంత్రి దాకా కోప్పడ్డారు. అలాంటిది కావాలా, మామూలు ఎర్రదే కావాలా? కొలత అమ్మ చేత రాయించి పంపు. బుజ్జికి కూడా ఒకటి, దానిది రెండు సైజులు పెద్దది తీసుకుంటా.

మీ అమ్మమ్మ