పాత నగరంలో ఫొటోలు తీయబోయే పిల్లలకు ఒక ఉత్తరం

చిరంజీవులకు శుభాశీస్సులు.

సెలవుల్లో ఒక చారిత్రక నగరాన్ని చూడబోతున్నారనీ, అక్కడ బోలెడన్ని ఫొటోలు తీయాలని ఉత్సాహపడుతున్నారనీ విని చాలా సంతోషించాను. ఎన్ని తీసినా నాకు అభ్యంతరం లేదు. అయితే పాత నగరంలో తీసే ఫొటో, ఫలానా రోజున అక్కడి గోడ, తలుపు, శిల్పం ఏ స్థితిలో ఉన్నాయో చెప్పే సాక్ష్యం అవుతుంది. సాక్ష్యం చెప్పేవారు ముందు కళ్లారా చూసి ఉండాలి కదా. అందుకని కెమెరా పైకెత్తే ముందు ఏమి చూడాలో, ఎలా చూడాలో నాకు తెలిసినంత మేరకు రాస్తున్నాను.

1860లలో పారిస్‌లో ఇరుకైన పాత వీధులను పడగొట్టి విశాలమైన రహదారులు వేసే పని జోరుగా సాగింది. కూలిపోబోయే వీధులను ముందుగా ఫొటోలు తీసిపెట్టే బాధ్యతను నగర పాలకులు షార్ల్ మార్విల్ అనే ఫొటోగ్రాఫర్‌కు అప్పగించారు. నేల మీద పరిచిన రాళ్లు, వీధి నడుమ సాగే మురుగు కాలువ, గోడల మీది ప్రకటనలు అన్నీ స్పష్టంగా కనిపించేలా ఆయన తీశాడు. ఆ వీధులు ఎలా ఉండేవో తెలుసుకోవాలనుకునేవారు నేటికీ ఆ ఫొటోలనే ఆశ్రయిస్తారు. ఆయన తీసినవాటిలో ఎక్కువ భాగం రాజభవనాలు కావు, మామూలు మనుషులు నడిచిన సందులు. మీరు కూడా అందరూ గుమిగూడే కట్టడం దగ్గరే ఆగిపోకుండా, అరిగిన గడపను, తలుపుకు కొట్టిన ఇనుప మేకులను, కిటికీ పైన చెక్కిన లతను, పాత గోడలో కొత్త ఇటుక చేరిన చోటును కూడా తీయండి. పెద్ద కట్టడం ఫొటోలు లోకంలో కొల్లలుగా ఉంటాయి; ఆ గడప ఫొటో మీ దగ్గర మాత్రమే ఉండవచ్చు.

ఇక వెలుగు సంగతి కొంత విపులంగా చెప్పాలి. ఒక రాతి పలక మీద వేలెడు లోతు కూడా లేని గుర్రపు బొమ్మ చెక్కి ఉందనుకోండి. ఎండ సూటిగా ఎదురునుంచి పడుతున్నప్పుడు నీడలనేవే లేక ఆ బొమ్మ చదునుగా, రాతిలో కలిసిపోయినట్లుగా ఉంటుంది. సూర్యుడు పక్కకు జరిగి, కిరణాలు రాతిని రాసుకుంటూ పోయే వేళకు ప్రతి గీతా తన పక్కన ఒక సన్నని నీడను వేస్తుంది. అప్పుడు గుర్రపు జూలు పాయలు పాయలుగా, రౌతు వస్త్రం మడతలు మడతలుగా, ఆఖరికి శిల్పి ఉలి దించిన గాట్లు కూడా విడివిడిగా తేలివస్తాయి. అరిగిపోయిన శాసనాలను చదివేవారు దీపాన్ని ఎదురుగా కాక పక్కనుంచి పట్టుకోవటం కూడా ఇందుకే. ఉదయం, సాయంత్రం తీస్తే చాలునని చాలామంది చెబుతారు గానీ, అది అన్నివేళలా నిజం కాదు. తూర్పు ముఖంగా ఉన్న గోడ మీద పొద్దున్నే పడే ఎండ కట్టడాన్ని మొత్తంగా తీయడానికి బాగుంటుంది. దాని మీది చెక్కడాలకు మాత్రం పొద్దెక్కాక, ఎండ ఆ గోడను విడిచిపోబోయే ముందు వెలుగు అంచునుంచి తగులుతుంది. కాబట్టి కట్టడం ఏ దిక్కుకు తిరిగి ఉందో ముందే తెలుసుకుని, వీలైతే ఒకే చోటికి రెండు వేళల్లో వెళ్లండి. సూర్యాస్తమయం తర్వాత కొద్దిసేపు ఆకాశపు నీలి వెలుగూ వీధి దీపాల వెలుగూ దాదాపు సమంగా ఉంటాయి. పూర్తిగా చీకటి పడ్డాక తీసే ఫొటోల కంటే ఆ వేళ తీసినవి ఎంతో మెరుగ్గా వస్తాయి.

ఎత్తైన కట్టడం కింద నిలబడి ఫోన్‌ను పైకి వంచి తీస్తే, గోడలు పైకి వెళ్లేకొద్దీ దగ్గరవుతూ వెనక్కి పడిపోతున్నట్లు కనిపిస్తాయి. కెమెరా గోడకు సమాంతరంగా లేకపోవటమే దానికి కారణం. దూరం జరగండి, లేదా ఎదురుగా ఉన్న మెట్ల మీదికి వెళ్లి ఫోన్‌ను నిట్టనిలువుగా పట్టుకోండి. ఇలా నిటారుగా తీసిన ఫొటోకు ఎంత విలువ ఉంటుందో చెప్పే కథ ఒకటుంది. 1858లో ఆల్బ్రెష్ట్ మైడెన్‌బావర్ అనే యువ వాస్తుశిల్పి జర్మనీలోని వెట్స్‌లార్ నగరంలో పెద్ద చర్చి కొలతలు తీసుకుంటూ పైనుంచి జారి పడబోయి, వెంట్రుకవాసిలో బతికి బయటపడ్డాడు. ప్రాణాలకు తెగించి గోడలెక్కే బదులు ఫొటో నుంచే కొలతలు రాబట్టలేమా అన్న ఆలోచన ఆయనకు అక్కడే పుట్టింది. 1885లో బెర్లిన్‌లో ఈ పనికోసమే ఒక ప్రభుత్వ సంస్థ ఆయన నాయకత్వంలో ఏర్పడి, వేలకొద్దీ గాజు పలకల మీద కట్టడాలను నమోదు చేసింది. యుద్ధంలో దెబ్బతిన్న కట్టడాలను తిరిగి నిలబెట్టేటప్పుడు ఆ పలకలు అక్కరకు వచ్చాయి.

ఫొటో తీసేశాం కదా అన్న ధీమాతో మనసు చూడటం మానేస్తుందేమోనని నాకు ఒక బెంగ ఉంది. లిండా హెంకెల్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త 2014లో ప్రచురించిన పరిశోధనలో, మ్యూజియంలో వస్తువులను ఊరికే చూసినవారి కంటే ఫొటోలు తీసుకున్నవారికి ఆ వస్తువులు తక్కువగా గుర్తున్నాయని తేలింది. అయితే వస్తువులోని ఏదో ఒక భాగాన్ని జూమ్ చేసి తీసినవారికి ఈ నష్టం కలగలేదు. ఫ్రేములోకి రాని భాగాలు కూడా వారికి బాగానే గుర్తున్నాయి. దగ్గరగా తీయాలంటే ఏ భాగం తీయాలో తేల్చుకోవాలి, తేల్చుకోవాలంటే తేరిపార చూడక తప్పదు. అందుకే ప్రతి కట్టడం దగ్గరా కనీసం ఒక్క ఫొటో అయినా అలా దగ్గరగా తీయమని మిమ్మల్ని కోరుతున్నాను.

మ్యూజియంలలో, వర్ణచిత్రాలున్న గదుల్లో ఫ్లాష్ వద్దని రాసి ఉంటే తప్పక పాటించండి. పెద్ద మంటపంలో అది ఎలాగూ పనికిరాదు. దూరం రెండింతలైతే అందే వెలుగు నాలుగో వంతుకు పడిపోతుంది. మంచి కోణం దొరుకుతుందని శిథిలమైన గోడలెక్కకండి, శిల్పాలకు ఆనుకోకండి. ప్రార్థనలో ఉన్నవారిని, తమ గుమ్మంలో కూర్చున్నవారిని అడగకుండా తీయకండి. వారు వద్దంటే నవ్వి ముందుకు సాగండి.

ఏ రోజుకా రోజు రాత్రి పడుకునే ముందు ఆనాటి ఫొటోలన్నీ చూసి, ఒకేలా ఉన్నవాటిలో ఒకటి ఉంచి మిగిలినవి తీసేయండి. ఫోన్ తేదీని తనంతట తాను నమోదు చేస్తుంది. కానీ అది ఏ గుడి ఉత్తర ద్వారమో, ఏ వంతెన కింది రాయో దానికి తెలియదు. ఆ వివరాలు మీరే ఒక నోటుపుస్తకంలో రాసుకోవాలి. స్నేహితులకు మెసేజిలో పంపినప్పుడు సాధారణంగా ఫొటో పరిమాణం తగ్గి, సన్నని వివరాలు పోతాయి కాబట్టి, అసలు ఫైళ్లను కంప్యూటర్‌లో ఒకసారి, విడిగా మరొక డిస్కులో ఒకసారి దాచుకోండి.

ఆశీస్సులతో,
మీ తాతయ్య