కొత్త ఎగ్జాస్ట్ బిగించాక ఒకచోట వేడి, ఒకచోట చల్లన: అపోహలు - వాస్తవాలు

విజయవాడ ఆటోనగర్‌లోని మా షెడ్డుకు వచ్చే కార్లలో బయట కొన్న ఎగ్జాస్ట్ (ఇంజన్ పొగను బయటికి పంపే గొట్టాల సెట్టు) బిగించుకున్నవి తక్కువేమీ కావు. వారం తిరక్కుండానే కొందరు కంగారుగా వెనక్కి వస్తారు: "అన్నా, ఒక గొట్టం కాలిపోతోంది, రెండోది గోరువెచ్చగా కూడా లేదు. ఇంజన్ పాడైందా?" ఆ కంగారులో అవసరం లేని సామాన్లు మార్చేసి డబ్బు పోగొట్టుకుంటున్నారు. అసలు ప్రమాదకరమైన వేడిని మాత్రం పట్టించుకోవడం లేదు. నా బాధ అదే.

అపోహ: వెనక రెండు గొట్టాలు సమానంగా వేడెక్కకపోతే ఇంజన్‌లో లోపం ఉన్నట్టే.

మన దగ్గర తిరిగే కార్లలో ఎక్కువ భాగం మూడు లేదా నాలుగు సిలిండర్లవి. ఆ సిలిండర్ల పొగంతా ముందే ఒకే గొట్టంలో కలిసిపోతుంది. కలిశాక ఎడమకు వేడి పొగ, కుడికి చల్లటి పొగ పంపడం ఇంజన్ వల్ల అయ్యే పని కాదు. తేడా వస్తున్నది సైలెన్సర్ డబ్బా లోపలే. దగ్గర దారి, సులువైన దారి ఎటుంటే పొగ అటు ఎక్కువగా పోతుంది. పైగా లీటరు పెట్రోలు మండితే దాదాపు లీటరు నీరు పుడుతుంది. ఇంజన్ చల్లగా ఉన్నప్పుడు ఆ నీరు కొంత డబ్బాలో పల్లంగా ఉన్న వైపు చేరుతుంది, అది ఆవిరయ్యేదాకా ఆ వైపు వేడెక్కదు. ఇంజన్ వేడెక్కాక 2,500 ఆర్‌పీఎమ్ (నిమిషానికి 2,500 చుట్లు) దగ్గర ఉంచి, గొట్టాల చివరకు జానెడు దూరంలో చెయ్యి పెట్టి చూడండి. రెండింటి నుంచీ గాలి తోస్తుంటే దిగులు అక్కర్లేదు. ఒకవైపు నుంచి అసలేమీ రాకపోతే డబ్బా లోపలి రేకు ఊడి అడ్డం పడిందేమో చూడాలి. సిలిండర్లు మూడేసి చొప్పున రెండు వరుసల్లో ఉండే వీ6 ఇంజన్లకు రెండు వైపులా విడివిడి గొట్టాలు ఉంటే ఈ లెక్క వర్తించదు.

అపోహ: నీలం రంగుకు తిరిగిన గొట్టం మితిమీరి వేడెక్కినట్టు.

స్టెయిన్‌లెస్ స్టీలు 300 డిగ్రీల దగ్గర లేత గడ్డిరంగుకు, 400 దాటాక గోధుమ, ఊదా రంగులకు, 540 ప్రాంతంలో నీలానికి తిరుగుతుంది. హెడ్‌కు, అంటే సిలిండర్ల పైన మూతలా ఉండే భాగానికి, ఆనుకున్న నాలుగు అంగుళాల్లో నీలం రావడం సహజం. బిగించేటప్పుడు అంటిన నూనె చేతుల మరకలు కూడా వేడికి రంగు తేలతాయి.

అపోహ: తాకకుండానే వేడిని కొలిచే ఇన్‌ఫ్రారెడ్ థర్మామీటర్ చూపిన అంకెకు తిరుగులేదు.

మెరిసే స్టీలు మీద అది ఉన్న వేడి కన్నా చాలా తక్కువ చూపిస్తుంది. ఒకే ఎగ్జాస్ట్‌లో మెరుపు తగ్గిన గొట్టం ఎక్కువ వేడిగా, మెరిసే గొట్టం చల్లగా కనిపించి మనల్ని తప్పుదారి పట్టిస్తుంది. ప్రతి గొట్టానికీ హెడ్ నుంచి ఒకే దూరంలో, వేడికి తట్టుకునే నల్ల రంగు రూపాయి బిళ్లంత పూసి, అక్కడే కొలవండి. ఆ తర్వాతే తేడాల గురించి మాట్లాడుకోవాలి.

అపోహ: హెడర్‌లో (ఒక్కో సిలిండర్ నుంచి పొగను తెచ్చి కలిపే గొట్టాల గుత్తిలో) ఒక గొట్టం చల్లగా ఉంటే అందులో ఏదో అడ్డుపడింది.

నేను చూసినంతలో అడ్డు పడటం అరుదు. చాలాసార్లు ఆ సిలిండర్ మండటం లేదు. మొన్నీమధ్య ఒక పాత కారు వచ్చింది. హెడర్ వేరేచోట మార్పించారు. ఇంజన్ నిద్రలో ఉలిక్కిపడే పిల్లాడిలా ఉండుండి అదురుతోంది. రాత్రంతా చల్లారనిచ్చి పొద్దున్నే స్టార్ట్ చేసి, ఒక నిమిషం ఆగి ఒక్కో గొట్టం మీద ఒక్కో నీటి చుక్క వేశాను. మూడింటి మీద చుర్రుమని ఎగిరిపోయింది, మూడో సిలిండర్ గొట్టం మీద చుక్క చుక్కలాగే నిలిచింది. పైన చూస్తే ప్లగ్గు వైరు హెడర్‌కు ఆనుకుని ఉంది. తొడుగు కరిగి, ఆవగింజంత నల్లమచ్చ. నిప్పురవ్వ ప్లగ్గు దాకా పోకుండా అక్కడే గొట్టంలోకి దూకుతోంది.

ఆ సిలిండర్‌లో మండని పెట్రోలు ఎక్కడికి పోతుంది? పొగలోని విషవాయువులను తగ్గించే డబ్బా, అంటే కాటలిటిక్ కన్వర్టర్‌లోకి పోయి అక్కడ మండుతుంది. పైన గొట్టం చల్లగా, కింద కన్వర్టర్ ఎర్రగా! అటువంటి కారును ఎండుగడ్డి మీద ఆపితే నిప్పు అంటుకోవచ్చు. "కన్వర్టర్ తీసేస్తే వేడి తగ్గుతుంది కదా" అని అడిగేవారికి నేను చెప్పేది ఒకటే, ఆ పని నా షెడ్డులో జరగదు. రోగం పైన ఉంటే కింద కోసేయడం వైద్యం కాదు. పొగ, శబ్దాల నియమాలు మీరితే మోటారు వాహనాల చట్టం సెక్షన్ 190(2) కింద మొదటిసారికే 10,000 రూపాయల దాకా జరిమానా, 3 నెలల దాకా జైలు, లేదా రెండూ పడవచ్చు.

అపోహ: గొట్టాల అతుకుల్లో వేసే ప్యాకింగ్ దగ్గర కొద్దిగా లీకైతే శబ్దమే తప్ప నష్టం లేదు.

ఆ సందులోంచి పొగ బయటికి రావడమే కాదు, రెండు తోపుల మధ్య గాలి లోపలికీ పోతుంది. పొగలో ఆక్సిజన్‌ను కొలిచే ఆక్సిజన్ సెన్సార్ ఆ గాలిని చూసి పెట్రోలు తక్కువైందనుకుంటుంది, ఇంజన్ కంప్యూటర్ ఇంకాస్త పోస్తుంది. మైలేజీ పడిపోతుంది, కన్వర్టర్ కాగుతుంది. చల్లటి ఇంజన్‌లో టిక్కుటిక్కుమని, వేడెక్కాక ఆగిపోయే చప్పుడు దీని ఆనవాలు, ఇనుము సాగి సందు మూసుకుంటుంది. ఇంజన్ ఆపి ఉండగా వెనక గొట్టంలోకి బ్లోయర్‌తో మెల్లగా గాలి పంపి, అతుకుల మీద సబ్బునీళ్లు పూయండి. బుడగలు ఎక్కడ లేస్తే అక్కడ లీకు. కారు అడుగు రేకు కింద లీకైతే కార్బన్ మోనాక్సైడ్ కారు లోపలికి చేరుతుంది, దానికి రంగూ వాసనా ఉండవు. ఈ పరీక్షను వాయిదా వేయకండి.

అపోహ: వేడి ఎక్కువైతే గొట్టానికి వేడిని తట్టుకునే గుడ్డపట్టీ చుట్టేస్తే చాలు.

పట్టీ గొట్టం వేడిని లోపలే ఉంచుతుంది, తేడాకు కారణాన్ని మాత్రం కప్పేస్తుంది. మామూలు ఇనుప గొట్టానికి చుడితే వానాకాలం తేమ పట్టి తుప్పు కూడా త్వరగా వస్తుంది. ముందు చూడవలసింది పాత హీట్ షీల్డ్‌ను, అంటే వేడి పక్కకు తగలకుండా అడ్డుండే రేకును. కొత్త గొట్టం పట్టలేదని దాన్ని తీసి మూల పడేస్తుంటారు. అది లేకపోతే పక్కనున్న రబ్బరు తొడుగు, బ్రేకు పైపు, కారు అడుగు రేకు కాగిపోతాయి. దాన్ని మళ్లీ వేయించుకోండి. కొన్ని వందల కిలోమీటర్లు తిరిగాక, ఇంజన్ పూర్తిగా చల్లారినప్పుడు హెడర్ నట్లను మధ్య నుంచి అంచుల వైపు వరుసగా మరోసారి బిగించమని మీ మెకానిక్‌ను అడగండి.